శూన్యం ఎవరికి శూన్యం?

నక్షత్రాలకు చాలా దూరంగా, వెలుతురు గాని, వేడి గాని, ఒక్క అణువు గాని లేని చోటును ఊహించండి. అక్కడ ఏమీ లేదని అందరూ ఒప్పుకుంటారు కదా! ఒప్పుకోనక్కరలేదంటుంది భౌతికశాస్త్రం.

క్వాంటం క్షేత్ర సిద్ధాంతం ప్రకారం కణాలు ఇసుకరేణువుల వంటివి కావు. విశ్వమంతటా పరచుకొని ఉన్న క్షేత్రాలలో, చెరువులో అలల్లాగా లేచే కదలికలే కణాలు. అలలు అణగిన స్థితి శూన్యం. అయితే ఈ చెరువు పూర్తిగా నిశ్చలం కాదు. శూన్యంలోనూ సన్నని అలజడి మిగిలే ఉంటుంది. అందులో దేనిని కణంగా లెక్కించాలన్నది పరిశీలకుని గడియారాన్ని బట్టి ఉంటుంది. గడియారమేమో అతని గమనాన్ని బట్టి నడుస్తుంది.

దీని ఫలితాన్ని 1976లో కెనడా శాస్త్రజ్ఞుడు విలియం అన్రూ వివరించాడు. ఒకే వేగంతో తిన్నగా సాగే పరిశీలకునికి ఆ చోటు శూన్యమే. ఎడతెగక వేగం పెంచుకుంటూ పోయే రాకెట్టులోని థర్మామీటరు మాత్రం వేడిని చూపుతుంది. ఆ వేడి అత్యల్పం. అది 1 కెల్విన్ కావాలంటే, కింద పడే రాయికి భూమి కలిగించే త్వరణానికి రెండున్నర లక్షల కోటి కోట్ల రెట్లు త్వరణం కావాలి! అందుకే దీనిని నిర్వివాదంగా కొలిచినవారు ఇంతవరకు లేరు.

మరి ఇద్దరిలో ఎవరి మాట నిజం? 1984లో అన్రూ, రాబర్ట్ వాల్డ్ దీనికి చక్కని సమాధానం చెప్పారు. రాకెట్టులోని పరికరం ముల్లు కదిలిందనుకోండి. "పరికరం ఒక కణాన్ని మింగింది" అంటాడు రాకెట్టులోనివాడు. "కాదు, పరికరమే ఒక కణాన్ని వెలువరించింది, అందుకు శక్తిని ఇచ్చింది రాకెట్టు ఇంజను" అంటాడు బయటివాడు. ముల్లు కదిలిన మాట మాత్రం ఇద్దరూ కాదనరు. పరిశీలకుని మనసే విశ్వాన్ని సృష్టిస్తుందని కొందరు ఉపన్యాసాలలో చెబుతుంటారు. ఇక్కడ మనసుతో పనే లేదు, ముల్లున్న పరికరం చాలు.

గురుత్వాకర్షణకు ఇందులో ఏం పని అంటారా? స్వేచ్ఛగా పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదని 1907లో ఐన్‌స్టీన్‌కు తోచింది. అంటే నేలమీద నిలబడినవాడే రాకెట్టులోనివాని వంటివాడు! కాంతిని కూడా తప్పించుకోనివ్వని కృష్ణబిలం దూరంలో ఉన్నవారికి వెచ్చగా కనిపిస్తుందని 1974లో స్టీఫెన్ హాకింగ్ చూపాడు. అందులోకి పడిపోయేవానికి దాని అంచు దాటేటప్పుడు విశేషమేమీ కనిపించదని చాలాకాలం భావించారు. 2012లో నలుగురు శాస్త్రజ్ఞులు పడేవానికి అంచు దగ్గర నిప్పుగోడ ఎదురుకావచ్చునని వాదించారు. ఆ వివాదం నేటికీ తేలలేదు. రాకెట్టులో ముల్లును ఇద్దరూ చూడగలిగారు. ఇక్కడ లోపలికి పడినవాడు తాను చూసినదాన్ని బయటివారికి చెప్పే దారే లేదు.