రైలు పట్టాల పక్కన పెరిగిన ఊళ్లు

హనుమకొండ హాస్టల్‌లో ఉండి చదువుకున్న వాళ్లెవరికైనా తెల్లవారుజామున కాజీపేట వైపు నుంచి వినబడే రైలు కూత గుర్తుండే ఉంటుంది. స్టడీ అవర్ గంట కొట్టక ముందే ఆ కూతకు మెలకువ వచ్చేది. ఆ పట్టాలు ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఆ రోజుల్లో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎం.ఏ. చరిత్రలో చేరాక ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. కారణం మా తాత. ఆయన కాజీపేట - డోర్నకల్ లైనులో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నేను చదివిన పుస్తకాల్లో ఇంజినీర్ల పేర్లు, దివాన్ల పేర్లు ఉన్నాయి గానీ మా తాతలాంటి వాళ్ల మాట ఒక్క వాక్యం కూడా లేదు. అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

రైలు ఎవరి కోసం వచ్చింది?

హైదరాబాద్ నగరానికి మొదటి రైలు 1874లో వచ్చింది. బొంబాయి - మద్రాసు ప్రధాన మార్గంలో ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా ఆ లైను వేశారు. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైన్యం ఉండే కంటోన్మెంట్ ఉంది. దాన్ని ప్రధాన మార్గానికి కలపడం బ్రిటిష్ వారికి అవసరం. అవసరం వారిది, ఖర్చు మాత్రం నిజాం సంస్థానానిది.

తరువాత 1883లో లండన్‌లో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులో ఉన్న 'గ్యారంటీ' అనే మాటను మనం అర్థం చేసుకోవాలి. కంపెనీ పెట్టిన పెట్టుబడికి 20 సంవత్సరాల పాటు ఏటా 5 శాతం వడ్డీకి సంస్థానం పూచీ పడింది. లాభం సరిపోను రాకపోతే ఖజానా నుంచి ఇవ్వాలి. ఖజానా అంటే ఎవరిది? ఎండలో నాగలి దున్ని శిస్తు కట్టిన రైతుది, కూలిది.

ఈ ఒప్పందం వివరాలు ప్రజలకు చెప్పాలని ఆనాడే అడిగినవారున్నారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం అందులో ముఖ్యులు. దీనినే చాందా రైల్వే స్కీమ్ ఆందోళన అంటారు. అడిగినందుకు అఘోరనాథ్‌ను 1883లో హైదరాబాద్ నుంచి పంపించివేశారు. సంస్థానంలో ఆధునిక రాజకీయ చైతన్యానికి ఇది తొలి మెట్టు అని చరిత్రకారులు చెబుతారు. పోటీ పరీక్షలకు చదివేవారు ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

లైను 1886లో వరంగల్ చేరింది. 1889లో బెజవాడ (నేటి విజయవాడ) చేరింది. మధ్యలో డోర్నకల్ నుంచి ఇల్లందుకు ఒక కొమ్మ వేశారు. ఎందుకంటే అక్కడ నేలలో బొగ్గు ఉంది. రైలు బొగ్గుతో నడిచింది, ఆ బొగ్గు బయటికి పోవడానికి రైలే దారి అయింది.

ఊళ్ల తలరాత మారింది

రైలు ఆగిన ఊరు పట్నమైంది, ఆగని ఊరు ఊరుగానే మిగిలింది. మన చుట్టూ ఉన్న పేర్లే దీనికి సాక్ష్యం. ఘన్‌పూర్ అనే పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి. రైలు ఆగే ఘన్‌పూర్ 'స్టేషన్ ఘన్‌పూర్' అయింది. ఇప్పుడు మండలం పేరు కూడా అదే. కొత్తగూడెంలో ఉన్న స్టేషన్ పేరు 'భద్రాచలం రోడ్'. రాముడి గుడి అక్కడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరి అవతల ఉంది. కొత్తగా వచ్చిన భక్తులు రైలు దిగి గుడి ఏదని అడుగుతుంటారు.

కాజీపేట సంగతి ఇంకా విశేషం. రైలు రాకముందు ఆ ఊరు హజ్రత్ అఫ్జల్ బియాబానీ దర్గాతోనే ప్రసిద్ధి. బల్లార్షా వైపు లైను పూర్తయి, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ దారిన నడవడం మొదలయ్యాక కాజీపేట ఉత్తరాదికి, దక్షిణాదికి నడుమ కూడలి అయింది. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు కుటుంబాలతో వచ్చారు. తెలుగువాళ్ల పక్కన తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు కాపురమున్నారు. దర్గా ఉర్సుకు, చర్చి పండుగకు, బతుకమ్మకు ఒకే కాలనీ కదిలేది.

కానీ ఆ కాలనీలో కూడా వరుసలున్నాయి. ఆఫీసర్లకు తోటలున్న బంగళాలు. గ్యాంగ్‌మన్లకు పట్టాల పక్కన ఒంటిగది క్వార్టర్లు. మా నాన్న పుట్టింది అలాంటి గదిలోనే.

టికెట్ ఒకటే, దారి వేరు

రైలు కులాన్ని పోగొట్టిందని కొందరు రాస్తారు. అది సగం నిజం. టికెట్ కొన్నవారిని మూడో తరగతి డబ్బాలో పక్కపక్కన కూర్చోబెట్టింది. మిగతా సగం తెలియాలంటే బాబాసాహెబ్ అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న సంఘటన చదవాలి. 1901లో చిన్నపిల్లవాడిగా తోటి పిల్లలతో కలిసి తండ్రిని చూడడానికి రైలెక్కి మహారాష్ట్రలోని మసూర్ స్టేషన్‌లో దిగాడు. మంచి బట్టలు చూసి పలకరించిన స్టేషన్ మాస్టర్, మహర్ పిల్లలని తెలియగానే ముఖం మార్చుకున్నాడు. ఎడ్లబండి వాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేలా, బండివాడు పక్కన నడిచేలా ఒప్పందం కుదిరింది. రైలు స్టేషన్ వరకే తెచ్చింది. ఆ తరువాతి దారిని అంబేడ్కర్ తానే వేసుకోవలసి వచ్చింది. మనమీ హాస్టల్లో కూర్చుని చదువుకున్నామంటే ఆ దారి వల్లనే.

వారసత్వం ఎవరిది?

డార్జిలింగ్ కొండ రైలుకు 1999లో, ముంబై ఛత్రపతి శివాజీ టెర్మినస్‌కు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే వారసత్వమంటే అందమైన భవనాలేనా?

మా తాత రోజూ భుజాన సుత్తె, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండాతో పట్టాల వెంట నడిచేవాడు. ఎండకు పట్టా వంగినా, వానకు కంకర కొట్టుకుపోయినా ముందు చూడాల్సింది ఆయనే. ఒకసారి నన్ను పట్టాల దగ్గరకు తీసుకుపోయి, "బిడ్డా, ఈ కంకర కింద మా అయ్య పోసిన మట్టి ఉంది" అన్నాడు. నాకప్పుడు అది ముసలివాళ్ల మాటలా అనిపించింది. ఇప్పుడు అదే నాకు దొరికిన మొదటి చారిత్రక ఆధారం అనిపిస్తున్నది. ఆయన మాటలన్నీ రాసి పెట్టుకుందామనుకునే లోపే ఆయన వెళ్లిపోయాడు. ఆ బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది.

1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొన్నది. 1950లో అది భారత రైల్వేలో కలిసింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. పరాయివాళ్లు తమ లాభానికి వేసుకున్న దారి, మన పెద్దల శిస్తుతో, చెమటతో మనదైంది. అది ఎవరూ దానంగా ఇచ్చింది కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్ తీసుకుపోండి. మీ ఊళ్లో గ్యాంగ్‌మన్‌గా, గేట్‌మన్‌గా, హమాలీగా, బొగ్గుబావిలో కార్మికుడిగా పనిచేసిన పెద్దలుంటే పక్కన కూర్చోండి. ఏ సంవత్సరం చేరారు, జీతమెంత, ఎక్కడ ఉన్నారు, ఏ ప్రమాదం చూశారు అని అడిగి, వారు చెప్పింది చెప్పినట్టే రాయండి. వచ్చే సంవత్సరం ఈ సంచికలో అవి అచ్చయితే అంతకంటే మంచి పాఠం ఉండదు. నేను ఆలస్యం చేశాను. మీరు చేయకండి.

- పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)