పాఠం 9: పని మధ్యలో మార్పులు – అదనపు పనికి ధర కట్టడం

"ఆ గోడ కూడా లేపెయ్యి మేస్త్రీ, చివర్లో చూసుకుందాం." ఇల్లు కట్టేచోట ఈ మాట మీరు వినే ఉంటారు. చివరికి యజమాని లెక్క ఒకటి, మేస్త్రి లెక్క మరొకటి అవుతుంది. కూలీలకు మేస్త్రి వారం వారం డబ్బిచ్చేసి ఉంటాడు. అతనికి రావలసింది మాత్రం ఆగిపోతుంది. ఈ చిక్కు రాకుండా ఏం చేయాలో తెలుసుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒప్పందపు పనిని, మార్పును వేరుచేసి చెప్పగలుగుతారు;
• మార్పుకు ధర కట్టగలుగుతారు;
• మార్పు చీటీ రాయగలుగుతారు.

9.1 మార్పు అంటే ఏమిటి?

ప్లానులో, ఎస్టిమేటులో ఉన్నది ఒప్పందపు పని. యజమాని కోరిక మీద దానికి కొంత కలిపినా, తీసేసినా, రకం మార్చినా అది మార్పు. వంకరగా కట్టిన గోడను కూల్చి మళ్లీ కట్టడం మార్పు కాదు. ఆ ఖర్చు మేస్త్రిదే.

9.2 ధర కట్టే పద్ధతి

ఈ ప్రశ్నలు వరుసగా వేసుకోండి.

1. ఈ పనికి ఒప్పందంలో రేటు ఉందా? ఉంటే అదే రేటు. అందులో లాభం కలిసే ఉంటుంది కాబట్టి మళ్లీ కలపకూడదు.
2. లేకపోతే, అలాంటి మరో పనికి రేటు ఉందా? ఉంటే తేడా మేరకు దాన్ని సవరించాలి.
3. అదీ లేకపోతే సామాను, కూలి, రవాణా ఖర్చులు కూడి, పర్యవేక్షణకు, లాభానికి ఇద్దరూ ఒప్పుకున్న శాతం కలపాలి.

గుత్త ఒప్పందంలో విడి రేట్లు కనిపించవు. అందుకే ముందుగానే ఒక రేట్ల పట్టిక జతచేసుకోవాలి.

9.3 ఉదాహరణ

ఒక యజమాని హాలులో 100 చదరపు అడుగుల అడ్డగోడ అదనంగా కోరాడు. 20 చదరపు అడుగుల అటక వద్దన్నాడు. కట్టిన గోడలో తలుపుకు దారి తీయమన్నాడు. (రేట్లు లెక్క కోసం ఊహించినవి.)

ఇటుక పని: 100 × 90 = రూ. 9,000
రెండు వైపులా ప్లాస్టరింగు: 200 × 40 = రూ. 8,000
అటక తగ్గింపు: 20 × 150 = రూ. 3,000
తేడా: 17,000 – 3,000 = రూ. 14,000

గోడ పగలగొట్టడానికి పట్టికలో రేటు లేదు. కూలి రూ. 2,700, మట్టి ఎత్తివేత రూ. 500, మొత్తం రూ. 3,200. దీనికి 10 శాతం, అంటే రూ. 320 కలిపితే రూ. 3,520.

యజమాని అదనంగా ఇవ్వవలసింది: రూ. 17,520.

తీసేసిన పనిని తగ్గించడం గమనించారా? అది మరిచిపోతే యజమానికి నమ్మకం పోతుంది.

9.4 మార్పు చీటీ

పని మొదలుపెట్టక ముందే ఏ పని, ఎంత కొలత, ఏ రేటు, గడువు ఎన్ని రోజులు పెరుగుతుంది అన్నవి రాసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. చెరొక ప్రతి ఉంచుకోవాలి.

చీటీ లేకపోతే హక్కు పూర్తిగా పోతుందా? పోదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా చేసిన పని వల్ల మరొకరు లాభం పొందితే పరిహారం ఇవ్వాలని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. కాని దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. చీటీ రాయడానికి పది నిమిషాలు చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 50 చదరపు అడుగుల గోడకు ఒకవైపు ప్లాస్టరింగు పెరిగింది. పై రేటు ప్రకారం ఎంత?
2. మేస్త్రి తప్పు వల్ల మళ్లీ చేసిన పని మార్పు అవుతుందా?

జవాబులు: 1. రూ. 2,000. 2. కాదు.