చిన్న కారుకు పగటి దీపాలు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు దాదాపు ముప్పై కిలోమీటర్లు. పత్తి కాలంలో ఈ దారిలో మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు ట్రాలీ అంచులు దాటేలా సరుకు నింపుకుని నడుస్తాయి. అలాంటి లోడు వెనక నుంచి పక్కకు వచ్చి దాటబోయే డ్రైవరుకు ఎదురొచ్చే చిన్న కారు ఆలస్యంగా కంటబడుతుంది. కారు బూడిద రంగుదైతే దుమ్ములో అది కలిసిపోతుంది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి, ఏడాది పొడుగునా మంత్రాలయానికి వచ్చే బండ్లు ఈ చుట్టుపక్కల దారుల్లోనే తిరుగుతాయి. బంపరులో వెలిగే రెండు తెల్లటి దీపాలు ఎదుటివాళ్లకు కారును ముందే చూపిస్తాయి. వీటినే డీఆర్ఎల్ అంటున్నారు. కంపెనీ నుంచి ఇవి లేకుండా వచ్చిన కారుకు వైరింగ్ మేస్త్రి ఒక పూటలో బిగిస్తాడు.

పగలు దీపాలతో నడిపే పద్ధతి ఉత్తరాది చలిదేశాల్లో మొదలైంది. ఫిన్లాండ్ 1972లో చలికాలానికి, ఊళ్ల బయటి రోడ్లకు ఈ నియమం పెట్టింది. స్వీడన్ 1977లో ఏడాదంతటికీ పెట్టింది. యూరప్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్తగా ఆమోదం పొందే కారు మోడళ్లకు ఈ దీపాలు తప్పనిసరి. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకుల హెడ్‌లైటు ఇంజను నడిచినంతసేపూ వెలుగుతోంది. కార్లకు అలాంటి నియమం లేదు కాబట్టి ఈ పని మేస్త్రుల దగ్గరికి వస్తోంది.

మొదటి పని సరుకు ఎంచుకోవడం. జత ఆరేడు వందల నుంచి రెండు వేల దాకా దొరుకుతుంది. మేస్త్రి దీపం అద్దాన్ని వెలుతురుకు ఎత్తి ముద్ర వెతుకుతాడు. వలయంలో ‘ఇ’ అక్షరం, దాని దగ్గర ‘ఆర్ఎల్’ అని ఉంటే అది ఐక్యరాజ్యసమితి 87వ నిబంధన ప్రకారం ఆమోదం పొందిన దీపం. దాని వెలుగు తిన్నగా ముందుకు 400 కాండెలాలకు తగ్గకూడదు, 1200 మించకూడదు. తగ్గితే మన ఎండలో కనపడదు. మించితే ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి. తర్వాత దీపాన్ని అరచేతిలో పెట్టి బరువు చూస్తాడు. వెనక అల్యూమినియం దిమ్మె ఉంటే ఎల్ఈడీ వేడి దాని గుండా బయటికి పోతుంది. వట్టి ప్లాస్టిక్ వీపుతో వచ్చినవి వేడి పట్టి త్వరగా మసకబారతాయి. ఐపీ 67 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదు. రంగులు మారే దీపాలను వెంటనే వెనక్కి ఇచ్చేస్తాడు. బండి ముందు వైపు ఎర్ర వెలుగు చూపకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 108వది చెబుతుంది.

ఎంచుకున్న దీపం ఒక్కొక్కటి 6 వాట్లు. జతకు 12 వాట్లు, అంటే ఒక ఆంపియర్ కరెంటు. పగలు హెడ్‌లైట్లే వేసుకుంటే లో బీమ్‌కు రెండు వైపులా 55 చొప్పున 110 వాట్లు పోతాయి.

ఎండాకాలంలో ఈ పని పొద్దున ఏడింటికే మొదలవుతుంది. పదకొండు దాటితే బానెట్ మీద చేయి ఆనదు. కారును చదునైన నేల మీద నిలిపి, చక్రాల గాలి సరిచూసి, పది నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి పక్కకు పెడతాడు.

ఇప్పుడు కొలతలు. దీపం నేల నుంచి కనీసం 250 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. రెండు దీపాల లోపలి అంచుల మధ్య కనీసం 600 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. బంపరు నడిమధ్య మాస్కింగ్ టేపుతో నిలువు గీత పెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా సమానంగా కొలుస్తాడు. తక్కువ ధర మోడళ్లలో ఫాగ్ ల్యాంపు ఉండాల్సిన చోట నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. దీపానికి అదే మంచి చోటు. బంపరు కోయనక్కర్లేదు, కారు అమ్మేటప్పుడు మూత మార్చేస్తే సరిపోతుంది. గుర్తు పెట్టాక పది అడుగులు వెనక్కి నడిచి, గొంతుక్కూర్చుని చూస్తాడు. రెండు మిల్లీమీటర్ల తేడా అయినా అతని కంటికి తెలిసిపోతుంది. టేపు పీకి మళ్లీ అంటిస్తాడు.

బంపరు విప్పడానికి ఇరవై నిమిషాలు. చక్రాల గూడులో స్క్రూలు, పైన గ్రిల్ దగ్గర ప్లాస్టిక్ క్లిప్పులు. క్లిప్పు నడిమి బొడిపెను ముందు పైకి లేపి తర్వాతే లాగాలి. తొందరపడి పీకితే విరుగుతుంది.

మూతకు 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో చిన్న రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ సన్న రంపంతో కోసి, అంచును ఆకురాయితో నున్నగా చేస్తాడు. బంపరు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దీపాన్ని అలాగే అంటిస్తే వెలుగు ఆకాశంలోకి పోతుంది. స్టీలు పట్టీని ఎల్ ఆకారంలో వంచి, దీపం ముఖం తిన్నగా ముందుకు నిలిచేలా స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తూ బిగిస్తాడు. రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపు కూడా వాడతాడు గానీ దాన్నొక్కదాన్నే నమ్మడు. ఆ టేపు ఇరవై నిమిషాల్లో సగం బలం, ఒక రోజులో తొంభై శాతం పట్టు సాధిస్తుంది. పూర్తి పట్టుకు 72 గంటలు కావాలి. అందుకే మూడు రోజులు కారును ప్రెషర్ నీళ్లతో కడిగించవద్దని ముందే చెబుతాడు.

ఇక్కడి నుంచి పనంతా రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చిలో ఉంది. పనితనం తెలిసేదీ ఇక్కడే. కొందరు డీఆర్ఎల్ వైరును నేరుగా బ్యాటరీకి కలిపి ఒక స్విచ్చి పెట్టేస్తారు. అలా పెడితే రాత్రి కూడా అవి వెలుగుతూనే ఉంటాయి. ఆపడం మరిచిపోతే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటిన్నర రోజులో ఖాళీ. కొన్ని జతలతో వచ్చే చిన్న పెట్టె బ్యాటరీ వోల్టేజీని కనిపెడుతుంది. ఇంజను నడిస్తే వోల్టేజీ 13 దాటుతుంది కాబట్టి అప్పుడు దీపం వేస్తుంది. కొత్త కార్ల ఆల్టర్నేటరు అవసరాన్ని బట్టి వోల్టేజీని తగ్గిస్తుంటుంది కనుక ఆ పెట్టె తడబడి దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మేస్త్రి ఐదు కాళ్ల రిలే తీస్తాడు. దాని 30 నంబరు కాలుకు తాళం తిప్పితే వచ్చే కరెంటు, 87ఏ కాలు నుంచి డీఆర్ఎల్‌కు వైరు, 86కు పార్కింగ్ లైటు వైరు, 85కు ఎర్త్. మామూలుగా 30, 87ఏ లోపల కలిసే ఉంటాయి కాబట్టి తాళం తిప్పగానే దీపం వెలుగుతుంది. పార్కింగ్ లైటు వేయగానే కాయిల్ లాగి ఆ కలయిక విడిపోతుంది, డీఆర్ఎల్ ఆరిపోతుంది. ఎదుటివాళ్లకు పగలు హెడ్‌లైటు కొట్టి సైగ చేసినప్పుడు మాత్రం ఆరదు. మిగిలిన 87 నంబరు కాలుతో పనేమీ లేదు. అయినా డీఆర్ఎల్ ఆరినప్పుడు కరెంటు ఆ కాలుకే చేరుతుంది. అందుకని దానికి స్లీవ్ తొడిగి మూసేస్తాడు. ఇది చేసే మేస్త్రి తన పని పూర్తిగా తెలిసినవాడు.

కరెంటును క్యాబిన్ ఫ్యూజు బాక్సులోంచి తీస్తాడు. టెస్ట్ లైటుతో ఒక్కో ఫ్యూజును తాకుతూ, తాళం తిప్పితేనే వెలిగేది వెతుకుతాడు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి పోడు. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని ముట్టుకోడు. ఎంచుకున్న చోట ఫ్యూజ్ ట్యాప్ గుచ్చి 3 ఆంపియర్ల ఫ్యూజు పెడతాడు. “ఫ్యూజు మొదట్లోనే ఉండాల సార్. వైరు యాడన్నా బాడీకి తగిలితే అదే కాలిపోయి బండిని కాపాడుతాది,” అంటాడు.

0.75 చదరపు మిల్లీమీటర్ల వైరును ఇంజను గోడలోని రబ్బరు గ్రామెట్ గుండా దాటించి, ముడతల గొట్టంలో తొడిగి, సైలెన్సర్ గొట్టానికి, ఫ్యానుకు, బెల్టుకు దూరంగా కంపెనీ వైరింగ్ వెంటే నడిపిస్తాడు. జానెడుకొక టై వేస్తాడు. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టడంతో వదలడు. వేడి చేసిన సాల్డరింగ్ ఐరన్‌ను మూడు నాలుగు సెకన్లు ఆనిస్తే, 190 డిగ్రీల లోపే కరిగే సీసం తగరం మిశ్రమం తీగల మధ్యకు పాకుతుంది. చల్లారాక స్లీవ్ జరిపి హీట్ గన్‌తో బిగిస్తాడు. జాయింటుకు అటూ ఇటూ వైరు ఊగకుండా కడతాడు. ఇంజను అదురుకు తీగలు తెగేది జాయింటు పక్కనే.

ఎర్త్ కోసం బాడీ బోల్టు ఒకటి విప్పి, దాని కింద రంగును గీకి తెల్లటి ఇనుము కనిపించాక రింగ్ టెర్మినల్ బిగించి, పైన గ్రీజు పూస్తాడు. దీపం మిణుకుమిణుకుమంటోందని తిరిగొచ్చే కార్లలో ముందుగా చూసేది ఈ బోల్టునే.

బంపరు ఎక్కించి, బ్యాటరీ కలిపి పరీక్షిస్తాడు. తాళం తిప్పితే వెలగాలి, పార్కింగ్ లైటు వేస్తే ఆరాలి, తాళం తీస్తే మీటరు మీద దీపాల వైపు కరెంటు సున్నా ఉండాలి. వెలుగుతున్నప్పుడు ఒక ఆంపియర్ చుట్టుపక్కల చూపాలి. తర్వాత దీపాల మీద పది నిమిషాలు నీళ్లు పోసి, అద్దం లోపల ఆవిరి పడుతుందేమో చూస్తాడు.

మంచి రకం జత 1,200 రూపాయలు, సాకెట్‌తో రిలే 150, వైరు, గొట్టం, స్లీవ్, ఫ్యూజ్ ట్యాప్ 250, పట్టీలు, స్క్రూలు 100, కూలి 600. అంతా కలిపి 2,300 అటూ ఇటూ అవుతుంది, పని మూడు గంటలు పడుతుంది. కారు తీసుకునేటప్పుడు రిలే ఏ మూల ఉందో, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో, ఏ రంగు వైరు దేనికో మేస్త్రి చేత ఒక కాగితం మీద రాయించుకుని, కారు పుస్తకంలో పెట్టుకోండి. రేపు రాయచూరులోనో కర్నూలులోనో ఇంకో మేస్త్రి ఆ బానెట్ ఎత్తినప్పుడు అది అతని చేతికి కావాలి.