కట్టప్ప జవాబు, ప్రేక్షకుడి ప్రశ్న
(జానపద చిత్రాల చివరి భాగంపై ఒక పరిశీలన)

ఒక కథను రెండు మూడు చిత్రాలుగా విడగొట్టి చెప్పడం తెలుగు సినిమాకు ఈమధ్య అబ్బిన అలవాటు. కాని కథను మంచి పట్టులో ఆపి, వినేవాణ్ణి ఊరించి, మళ్ళీ ఎత్తుకోవడం మాత్రం మనకు కొత్త గాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీకొక కథ చొప్పున చెబుతూ కాశీదాకా నడిపిస్తాడు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చిన చోటనే ఆగేది. పిల్లలు నెలరోజులూ వేళ్ళమీద లెక్కబెట్టుకునేవారు.

ఆపడం తేలిక. ముగించడమే కష్టం. చివరి భాగం చూసి బయటికి వచ్చే ప్రేక్షకుడు ఎందుకు తృప్తిపడతాడు, ఎందుకు గొణుగుతాడు అన్నదే ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే విషయం. ఇందుకు రెండు చిత్రాలను ఎన్నుకుందాం. ఒకటి 2003లో వచ్చిన 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్'. రెండోది మన 'బాహుబలి 2'. మొదటిది మూడు భాగాల కథకు ముగింపు, రెండోది రెండు భాగాల కథకు ముగింపు. భాగాల సంఖ్యలో తేడా ఉన్నా, ప్రేక్షకుడి నిరీక్షణ ఒక్కలాంటిదే.

తెలిసిన ముగింపు – తెలియని కారణం

భరతుడు నాటక కథను అయిదు సంధులుగా విభజించాడు: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం. చివరిదైన నిర్వహణ సంధిలో, చెదిరిన బీజాలన్నీ ఒకచోట చేరాలనీ, అక్కడ అద్భుత రసం ఉండాలనీ అన్నాడు. గమనించండి, 'తెలియని సంగతి బయటపడాలి' అని ఆయన అనలేదు. రామాయణం ఎలా ముగుస్తుందో తెలియని ప్రేక్షకుడు ఆనాడు లేడు. 1957లో 'మాయాబజార్' చూసినవాళ్ళకు శశిరేఖ ఎవర్ని పెళ్ళాడుతుందో హాల్లోకి అడుగుపెట్టకముందే తెలుసు. రెండేళ్ళకోసారి మేడారం వెళ్ళే లక్షలాదిమందికి సమ్మక్క కథ చివర ఏమైందో ఒకరు చెప్పనక్కరలేదు. అయినా అమ్మ గద్దెకు వచ్చే ఘడియ కోసం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నిలబడతారు.

'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న విడుదలైంది, రెండోది 2017 ఏప్రిల్ 28న. ఈ రెంటి మధ్య దాదాపు 22 నెలలు దేశమంతా ఒకటే ప్రశ్న: బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు? ఈ ప్రశ్న నిర్మాణాన్ని కాస్త జాగ్రత్తగా చూడాలి. 'ఏం జరిగింది' అన్నది దర్శకుడు రాజమౌళి, కథా రచయిత విజయేంద్ర ప్రసాద్ దాచిపెట్టలేదు. చంపినవాడి నోటనే చెప్పించారు. దాచింది కారణం ఒక్కటే. అంటే, ముగింపు తెలిసిన కథను మళ్ళీ మళ్ళీ వినే మన పాత అలవాటునూ, సీరియల్ చదివే ఆత్రాన్నీ ఒకే ముడిలో బిగించారన్నమాట.

అందుకే విడుదలైన రోజునే జవాబు ఊరంతా పాకినా హాళ్ళు ఖాళీ కాలేదు. ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్ల రూపాయల వసూళ్ళు దాటిన మొదటి భారతీయ చిత్రం అదే అయింది. రెండు భాగాలనూ కలిపి కుదించి 2025 అక్టోబరు 31న 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో విడుదల చేస్తే, ప్రశ్నా జవాబూ రెండూ తెలిసినవాళ్ళే మళ్ళీ టిక్కెట్టు కొన్నారు. కేవలం జవాబు కోసమే వచ్చేవాడు రెండోసారి రాడు గదా!

ఒక మంచివాడి ఓటమి

ఇక ఇంగ్లీషు చిత్రం సంగతి. టోల్కీన్ నవల ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన మూడు చిత్రాల్లో చివరిది 11 ఆస్కార్లకు పోటీపడి పదకొండూ గెలుచుకుంది. అయినా ప్రేక్షకులనుంచి ఒక ఫిర్యాదు గట్టిగా వినిపించింది: 'అయిపోయిందనుకుంటే అయిపోదు, ముగింపు మీద ముగింపు.' యుద్ధం ముగిసింది, పట్టాభిషేకం అయింది, స్నేహితులు ఇల్లు చేరారు, అయినా కథ సాగుతూనే ఉంది. నవల చదివినవాళ్ళ గోల దీనికి తలకిందులు. ఇంటికి తిరిగివచ్చిన వీరులు తమ ఊరే పాడైపోవడం చూసి పోరాడే ఘట్టాన్ని తీసేశారని వాళ్ళ బాధ. ఒకరికి ఎక్కువైంది, మరొకరికి తక్కువైంది.

ఆ ముగింపులన్నీ ఎందుకు? ఆ కథలో ఫ్రోడో ప్రాణాలకు తెగించి ఉంగరాన్ని అగ్నిపర్వతందాకా మోస్తాడు. తీరా అంచున నిలబడ్డాక, 'ఇది నాది' అంటాడు. ఉంగరం నశించేది గొల్లమ్ అనే అభాగ్యుడితో జరిగిన పెనుగులాటలో. అంటే, కీలకమైన క్షణంలో మంచివాడు ఓడిపోయాడు. ఆ ఓటమి తాలూకు గాయం మానదు. ఇంట్లో ఉండలేక అతను ఓడెక్కి వెళ్ళిపోతాడు. ప్రేక్షకుడికి సాగదీతగా తోచిన ఆ దృశ్యాలే అసలు మూల్యం చెల్లించిన దృశ్యాలు.

ఇప్పుడు కట్టప్పను పక్కన నిలబెట్టండి. అతనూ మంచివాడే. బాహుబలిని ఎత్తుకు పెంచిన చేతులతోనే, శివగామి ఆజ్ఞ అయిందని వెన్నులో కత్తి దించాడు. తరువాత కుట్ర బయటపడింది. అయినా పాతికేళ్ళు అదే సింహాసనానికి, అంటే భల్లాలదేవుడికే, ఊడిగం చేశాడు. మొదటి భాగంలో అస్లాంఖాన్ దాస్యవిముక్తి కలిగిస్తానన్నా, తాతముత్తాతల ప్రతిజ్ఞ అడ్డం అన్నాడు. చివరి భాగంలో ప్రేక్షకులు కట్టప్పతోపాటు ఏడ్చారు, క్షమించారు. దేవసేన నిండు సభలో తలవంచకుండా మాట్లాడినప్పుడు, నేరగాడి తల బాహుబలి చేతిలో తెగిపడినప్పుడు ఈలలు వేశారు. ఆ వెంటనే మహాయుద్ధం, భల్లాలుడి చితి, పట్టాభిషేకం, శుభం. కట్టప్ప వంశపు బానిసత్వం ఏమైందన్నదానికి ఆ సంబరంలో స్పష్టమైన సమాధానం దొరకదు. 'ముగింపులు ఎక్కువయ్యాయి' అని అక్కడ గొణిగారు. 'ఒక ముగింపు తక్కువైంది' అని ఇక్కడ గట్టిగా అన్నవాళ్ళు బహుకొద్దిమంది.

ఓరుగల్లు గడ్డమీద కూర్చుని ఈ చిత్రం చూసే మనకు ఆ లోటు కనబడాలి. 'బాంచను, కాల్మొక్త' అన్నమాట ఏ కవీ కల్పించింది కాదు, మన ఊళ్ళల్లో మనుషులు పలికింది. వెట్టిచాకిరీ చేసినవాళ్ళకూ తాతల నాటి కట్టుబాటే అడ్డం చెప్పేవారు. అయినా పాలకుర్తి ఐలమ్మ తన పంటను దొరకు ఇవ్వనన్నది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ 'ఇవ్వను', 'చెయ్యను' అన్న మాటలే మన చరిత్రను మలుపు తిప్పాయి. 'కట్టప్ప ఎందుకు చంపాడు' అన్న ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: ఆజ్ఞ. 'కట్టప్ప ఎందుకు కాదనలేకపోయాడు' అన్నది దానికన్న పెద్ద ప్రశ్న. దానికి జవాబు తెరమీద వెదికితే చాలదు.

మనమేం చేయవచ్చు?

ప్రేక్షకుల స్పందన అనగానే మనవాళ్ళకు కలెక్షన్లే గుర్తొస్తాయి. వసూళ్ళు తలల్ని లెక్కబెడతాయి గాని, ఆ తలల్లో ఏముందో చెప్పవు. 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్' వచ్చినప్పుడు మార్టిన్ బార్కర్ నాయకత్వాన 20 దేశాల పరిశోధకులు ప్రశ్నావళి పంచి, దాదాపు 25 వేల జవాబులు సేకరించారు. వాళ్ళు 'నచ్చిందా?' అని అడిగి ఊరుకోలేదు. ఇది ఎలాంటి కథ అనిపించింది, ఆ కల్పిత లోకం మీకు ఎక్కడ, ఏ కాలంలో ఉంది అని కూడా అడిగారు.

అటువంటి పని మన విద్యార్థులు చేయడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. ఓ నోటుబుక్కూ, ఓపికా చాలు. మాహిష్మతి మీకు ఎక్కడుంది? కట్టప్ప స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? మొదటి భాగంలో కత్తి పట్టిన అవంతిక రెండో భాగంలో దాదాపు కనబడకపోవడం మీరు గమనించారా? ఇలాంటి నాలుగు ప్రశ్నలు హనుమకొండలో ఆడపిల్లల్నీ, ఆటో డ్రైవర్లనూ, లెక్చరర్లనూ, టీవీలో మాత్రమే చూసిన ముసలమ్మల్నీ అడగాలి. ఒకరి జవాబు మరొకరికి వినబడకుండా రాసుకోవాలి. ఆరునెలల తరువాత మళ్ళీ వాళ్ళనే అడగాలి. మొదటి రోజు వేసిన ఈలకూ, ఆరునెలలకు మిగిలిన ఆలోచనకూ మధ్య ఉన్న దూరమే నిజమైన స్పందన.

కథను ముగించే హక్కు దర్శకుడిది, కాదనం. కాని హాలు తలుపులు తెరుచుకున్నాక ఆ కథ మన చేతికొస్తుంది. బేతాళుడు ప్రశ్న అడిగినప్పుడు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుందన్నాడు. చదువుకున్నవాళ్ళం, ఆ షరతు మనకూ వర్తిస్తుంది.