పట్నానికీ ఒక నీటి లెక్క

నీరు లేనిదే ఊరు లేదని అందరం అంటాం. కాని ఉన్న నీళ్ళను లెక్కచూసి వాడే పట్నాలెన్ని?

2018లో ఈశాన్య ఋతుపవనాలు మొండిచెయ్యి చూపాయి. 2019 వేసవికి చెన్నైకి నీరిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. 2015లో వరదలో మునిగింది కూడా ఆ నగరమే! కాబట్టి లోటు వానలో మాత్రమే కాదు, వాననీటిని నిలుపుకోవడంలోనూ ఉందన్నమాట.

చిన్న లెక్క చేద్దాం. 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. ఏడాదికి సుమారు 550 మి.మీ. కురిసే అనంతపురంలో ఇది 55,000 లీటర్లు. అయిదో వంతు వృథా పోయిందనుకున్నా 44,000 మిగులుతాయి. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున అయిదుగురికి 65 రోజుల నీళ్ళు!

మరి పురపాలక సంఘాలు చేయవలసిందేమిటి? కారే పైపులు బాగుచేయాలి. ఎంత వాడుతున్నామో తెలియడానికి మీటర్లు పెట్టాలి. మురుగునీటిని శుద్ధిచేసి తోటలకు, ఫ్యాక్టరీలకు ఇవ్వాలి. జలాశయం ఏ మట్టానికి దిగితే ఎంత కోత పెట్టాలో ముందే నిర్ణయించి జనానికి చెప్పాలి. కేప్‌టౌన్ నగరం 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకి 50 లీటర్లే అని హద్దు పెట్టింది. అక్కడి రైతులు కొందరు తమ డ్యాముల నీళ్ళు వదిలారు. కుళాయిలు కట్టేసే రోజు రాకుండానే గట్టెక్కారు.

మాది సేద్యం చేసే ఇల్లు గనుక ఒక్కమాట. పట్నం పారబోసే ప్రతి బిందెడూ ఎక్కడో ఒక మడికి తగ్గిన తడే. వాన ఉన్నప్పుడే కరువు సంగతి ఆలోచిద్దాం మిత్రులారా!