ధాన్యపు కొట్టునకు పిల్లి కాపలా

గాదె క్రింద పందికొక్కు బొరియను, కొట్టములో చిట్టెలుకల పరుగును ఎరుగని రైతు లేడు. ఒక పిల్లిని తెచ్చి విడిచిన చాలునని పలువురి తలంపు. ఆ పని ఎట్లు చేయవలెనో, దానివలన ఫలమెంతయో అమెరికా దేశపు అనుభవము కొంత తెలుపుచున్నది.

అచటి నగరములలో దిక్కులేని జంతువులకు శరణాలయములు కలవు. మచ్చికైన పిల్లిని ఎవరో ఒకరు ఇంటికి గొనిపోవుదురు. పుట్టిన తొలి రెండు నెలలలో మనుష్యుని చేతి స్పర్శ నెరుగక పెరిగిన పిల్లి మాత్రము మనుష్యుని చూడగనే బుసకొట్టి మూలకు నక్కును. (ఇది మన బావురుపిల్లి కాదు, పెంపుడు పిల్లి జాతియే.) కోరువారు లేనందున అట్టి వానిని తరచుగా చంపివేయుచుండిరి. ఇపుడు వానికి పశువుల కొట్టములందును, గిడ్డంగులందును ఎలుకల కాపలా ఒప్పగించు పద్ధతి పెక్కుచోట్ల నడచుచున్నది. షికాగో నగరమున ట్రీ హౌస్ అను సంస్థ 2012లో ఇట్టి కార్యక్రమమును ఆరంభించెను.

పిల్లికి ముందుగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొనను కొంచెము కత్తిరింతురు. సాధారణముగా రెండింటిని కలిపి ఇత్తురు. తెచ్చిన దినముననే విడిచినచో పిల్లి నిలువదు. మా ఇంటి పిల్లినొకదానిని పూర్వము గోనెసంచిలో పెట్టి పొరుగూరి పొలిమేరలో విడిచిరి. మూడవనాటికి అది తిరిగి మా వంటింటనే ఉన్నది! కనుక క్రొత్త చోట, ఆ కొట్టములోనే, పెద్ద బోనులో రెండు మొదలు నాలుగు వారములు ఉంచవలెను. దాగుటకొక పెట్టె, మలవిసర్జనకు మట్టి పోసిన పళ్ళెము, వేళకు తిండి, నీరు అమర్చవలెను. అచటి వాసనలు, చప్పుళ్ళు, తిండి పెట్టు మనిషి అడుగుల సవ్వడి దానికి అలవాటు కావలెను. విడిచిన పిదపను నిత్యము తిండి పెట్టవలసినదే. ఆకలిగొన్న పిల్లియే వేటాడునను నమ్మకము పొరపాటు. కడుపు నిండిన పిల్లియు వేటాడును; ఆకలిగొన్నది చోటు విడిచి పోవును.

ఇక ఫలము మాట. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఎలుకలు నిండిన ఒక ఆవరణమున కెమెరాలు పెట్టి 79 దినములు పరిశీలించిరి. ఫలితములు 2018లో వెలువడినవి. పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే! అయితే పిల్లులు తిరుగు దినములలో ఎలుకలు బయట తక్కువగా కనబడినవి. చిట్టెలుకలను పిల్లి చక్కగా పట్టును. పందికొక్కు మీదికి పోవుటకు జంకును. కావున పిల్లి వచ్చినదని కలుగులు పూడ్చుట మానరాదు. ఎలుకల మందు పెట్టినచోట పిల్లినుంచరాదు. మందు తిన్న ఎలుకను తిని అదియు చచ్చును.

ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట మన దేశమున 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. కావున పంచాయతీ గిడ్డంగికి పిల్లులను తెచ్చుటకు పూనుకొను సభ్యులు శస్త్రచికిత్స, టీకా వసతిని గూర్చి ముందుగా పశువైద్యుని విచారింపవలెను. ప్రతిదినము తిండి పెట్టువారెవరో కూడ తీర్మానములోనే పేరుతో వ్రాయించుట మేలు. పిల్లి కరచినను, రక్కినను గాయమును సబ్బుతో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెనని ఆ మనిషికి ముందే చెప్పి ఉంచవలెను.