బూట్లు విప్పాక ఒంటి సంగతి

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. పదిహేనేళ్లు ఫుట్‌బాల్ ఆడి నిరుడు మానేశాడు. అప్పుడే పది కిలోలు పెరిగాడు, మోకాళ్లు నొప్పంటున్నాడు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, దీన్ని బద్ధకమని అనుకోకండి. మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో పది, పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాడు. ఆ పరుగు ఆగినా కంచంలో అన్నం తగ్గదు. కండ తగ్గి కొవ్వు చేరుతుంది. ఆ బరువంతా పాత దెబ్బలున్న కీళ్ల మీదే పడుతుంది. అర్జెంటీనా మేటి బాటిస్టుటా 2005లో ఆట వదిలాక, చీలమండల నొప్పి భరించలేక కాళ్లు తీసేయమని డాక్టరును వేడుకున్నానని స్వయంగా చెప్పాడు.

ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. షుగర్, బీపీతోపాటు థైరాయిడ్ పరీక్షా చేయించండి. 2011లో రిటైరైన బ్రెజిల్ రొనాల్డో తన బరువుకు థైరాయిడ్ లోపమూ కారణమన్నాడు. నొప్పిమాత్రలు సొంతంగా వేసుకోనివ్వకండి. ఈత, సైకిల్, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మేలు.

మనసునూ గమనించండి. చప్పట్లు ఆగిపోయినవాడికి రోజు బోసిగా ఉంటుంది. కోచింగ్ శిక్షణ తీసుకుని పిల్లలకు ఆట నేర్పమనండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి చేర్చింది హైదరాబాదీ కోచ్ రహీం సాబే. మీ తమ్ముడి అనుభవమూ ఎవరికో ఒకరికి దారి చూపాలి.